లేడో రోడ్డుకి పాత జిప్సీ: 620 కిలోల లోడు 379కి దిగిన డైరీ

పాత మారుతి జిప్సీ కింగ్ హార్డ్‌టాప్‌ని (గట్టి పైకప్పున్న ఫోర్ వీల్ డ్రైవ్ బండి) విజయవాడ నుంచి అస్సాంలోని లేడో మీదుగా బర్మా సరిహద్దులోని పాంగ్సౌ కనుమ దాకా నడిపి, మళ్లీ ఇంటికి తెచ్చుకునేలా తయారుచేస్తున్నాను. బండి ఎలా కొన్నానో, మొదటిసారి తాళం తిప్పినప్పుడు ఎలా అనిపించిందో రాయడం లేదు. ఇలాంటి పని నెత్తికెత్తుకునేవాళ్లకి కొలతలు, పగిలిన సామాన్లు, దండగైన డబ్బులే పనికొస్తాయి.

లేడోనే ఎందుకంటే, 1955 సెప్టెంబరు 1న ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ కుర్రాళ్లు ఆరుగురు రెండు ల్యాండ్ రోవర్లలో లండన్‌లో బయలుదేరి, 1956 మార్చి 6న సింగపూర్ చేరారు. వాళ్లు మన దేశం దాటి బర్మాలోకి దిగింది ఈ లేడో రోడ్డు మీదే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్లు వేయించిన దారి అది. లేడో నుంచి చైనాలోని కున్‌మింగ్ దాకా మొత్తం 1,736 కి.మీ.లో మన దేశంలో ఉన్నది 61 కి.మీ. మాత్రమే. నా ప్రయాణంలో ఆ 61 కిలోమీటర్లే అసలు సంగతి, మిగతాదంతా హైవే.

పాత యాత్రల సంగతులు చదివినకొద్దీ ఒక విషయం తేలింది. బండ్లను ఎక్కువగా దెబ్బతీసింది దారి కాదు, బండిలో ఎక్కించిన సామాను. అందుకే ఈ డైరీలో ప్రతి దశ చివరా లోడు ఎంతకు వచ్చిందో, ఖర్చు ఎంతయిందో రాసుకుంటూ వచ్చాను.

దశ 1: కాటా

ఆటోనగర్ వైపు లారీల కాటాలకు కొదవ లేదు. జిప్సీని తూచమంటే కాటా మీద కూర్చున్నాయన ముందు నవ్వాడు. ఇరుసుల బరువు విడివిడిగా కావాలంటే మాత్రం ఓపిగ్గా మూడుసార్లు చూసి చీటీ రాసిచ్చాడు. పద్ధతి ఇదీ:

1. ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించి, బండి పూర్తిగా ఖాళీ చేసి తూచాలి.
2. ముందు చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫాం మీదికి ఎక్కించి ఒక తూకం.
3. బండి మొత్తం ఎక్కించి మరో తూకం. రెండింటికీ ఉన్న తేడా వెనక ఇరుసుది.
4. సామానంతా సర్ది, మనుషులు కూర్చున్నాక ఇదే మళ్లీ.

లారీ కాటా పది కిలోల లోపు తేడా పట్టుకోదు. చిన్న సామాన్లు పాత ఇనుప సామాను కొట్లో తూచుకున్నాను.

ఖాళీ బండి: ముందు 560, వెనక 510, మొత్తం 1,070 కిలోలు.
అన్నీ ఎక్కించాక: ముందు 715, వెనక 975, మొత్తం 1,690.

అంటే లోడు 620 కిలోలు. మన సైన్యం ఈ బండిని 500 కిలోల తరగతిలో వాడింది. నేను పెట్టుకున్న గీత కూడా అదే. ఆ గీత 120 కిలోలు దాటింది, అది కూడా ఎక్కువ భాగం వెనక ఇరుసు మీదే.

ఆ 620 ఇలా వచ్చింది: ఇద్దరు మనుషులు 150, ఇనుప బంపరు, విన్చ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) కలిపి 68, నీళ్లు డబ్బాలతో సహా 62, పెట్రోలు జెర్రీక్యాన్లు మూడు 57, పనిముట్లు 48, రూఫ్ ర్యాక్ 42, స్పేర్ పార్టులు 35, బట్టలు 30, టెంటు, పరుపులు 28, వంట సామాను 24, రెండో స్టెప్నీ 22, తిండి 20, రెండో బ్యాటరీ 16, హై-లిఫ్ట్ జాకీ (బంపరుకి ఆనించి ఎత్తే పొడుగు జాకీ) 13, కంప్రెసర్ 5.

లోడు: 620 కిలోలు. ఖర్చు: ర్యాక్ 14,500, బంపరు, సెకండ్ హ్యాండ్ విన్చ్ 46,000, వెనక కమాన్ కట్టలకి (ఇరుసు మీది స్ప్రింగు పట్టీల కట్టలు) అదనపు పట్టీలు 5,200. మొత్తం రూ. 65,700.

దశ 2: కమాన్లు, ర్యాక్, విన్చ్

ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయని ఒక్కటి పగిలాక గానీ బయటపడలేదు.

వెనక చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా ఎత్తు ఖాళీ బండికి 46 సెం.మీ., పూర్తి లోడుకి 38.5. ఇరుసుకీ, అది మరీ పైకి రాకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరుకీ మధ్య ఖాళీ 9 సెం.మీ. నుంచి 2.5కి పడిపోయింది. ఆ 2.5 సెం.మీ. అంటే స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ఇరుసు వెళ్లి ఛాసీని కొడుతుంది. అందుకే ఒక్కో కట్టకి ఒక్కో పట్టీ ఎక్కువ వేయించాను. ఎత్తు 43కి వచ్చింది. కంటికి బాగుంది.

తర్వాత మారేడుమిల్లి ఘాట్ మీద ట్రయల్. అదనపు పట్టీతో స్ప్రింగు బిగుసుకుపోవడంతో గతుకు దెబ్బంతా బాడీకే వచ్చింది. రూఫ్ గట్టర్‌ని పట్టుకునే ర్యాక్ కాళ్లు ఆరింటిలో రెండు వెల్డింగు పక్కనే చీలాయి. గమనించాల్సింది ఆ "పక్కనే". వెల్డింగు అతుకు గట్టిగానే ఉంది, దానికి అర సెంటీమీటరు దూరంలో వేడికి గట్టిపడిన పైపు చీలింది. మందం పెంచి మళ్లీ వెల్డ్ చేయించినా చీలిక ఇంకో అర సెంటీమీటరు అవతలికి జరుగుతుందంతే.

ఆటోనగర్‌లో కమాన్లు చూసే బాబాయ్ బండి కింద నుంచే అన్నాడు: "పట్టీ పెంచితే బండి పైకి లేస్తుంది గానీ బరువెక్కడికి పోద్దబ్బాయ్? పైనున్నది దించు." ర్యాక్ దించేశాను, అదనపు పట్టీలూ తీయించేశాను. పాత పట్టీల మధ్య తుప్పు గీకించి, బుష్‌లు మార్చి, ఇరుసుని కమాన్ కట్టకి పట్టి ఉంచే యూ-బోల్టులు బిగించాం. లోడుతో వంద కిలోమీటర్లు తిరిగాక యూ-బోల్టులు మరోసారి బిగించాలి, నాకు సగం చుట్టు పైనే తిరిగాయి.

ర్యాక్ పోయాక మైలేజీ కూడా మారింది. గంటకి 80 కి.మీ. వేగంతో అదే రోడ్డు మీద ర్యాక్‌తో లీటరుకి 8.2 వచ్చింది, ర్యాక్ లేకుండా 9.7. ఈ తేడాలో ఎక్కువ భాగం గాలిది, బరువుది కొంతే.

ఇక విన్చ్. ముందు ఇరుసుకి ఇంకా ముందు వేలాడే 68 కిలోలు. దాన్ని కట్టడానికి ముందు ఒక చెట్టో, ఇంకో బండో కావాలి. మా దారిలో ఇంకో బండి దొరికిన చోట తాడు చాలు. అమ్మేశాను. ఇనుప బంపరు పోవడంతో హై-లిఫ్ట్ జాకీకి ఆనించే చోటే లేకుండా పోయింది, అందుకని అదీ ఇచ్చేసి బాటిల్ జాకీ, దాని కింద పెట్టుకోవడానికి టేకు పలక తీసుకున్నాను.

విన్చ్ బదులు కైనెటిక్ తాడు (సాగి లాగే తాడు), పార, చక్రాల కింద పరిచే ఇసుక పలకలు రెండు. పలకలు మొదట 3 మి.మీ. రేకుతో నేనే చేయించాను. ఆ ఆలోచన రాల్ఫ్ బాగ్‌నోల్డ్‌ది. 1929 నుంచి 1932 దాకా లిబియా ఎడారిలో ఫోర్డ్ మోడల్ ఏ కార్లతో తిరిగిన సైనికాధికారి ఆయన. ఆ కార్లు ఫోర్ వీల్ డ్రైవ్ కూడా కావు. కైరోలో పాత సామాను కొట్లో దొరికిన, మొదటి ప్రపంచ యుద్ధం నాటి కందకాల పైకప్పు రేకులనే చక్రాల కింద పరిచి ఇసుక దాటాడు. అవి గాడిలా మడిచిన ఉక్కువి, నావి చదును రేకులు. కృష్ణలో ఇసుక తేలిన చోట మొదటిసారి చక్రం ఎక్కగానే రేకు అరటాకులా వంగింది. పైగా ఒక్కోటి 11 కిలోలు. వాటి బదులు మార్కెట్లో దొరికే ప్లాస్టిక్ పలకలు కొన్నాను, రెండూ కలిపి 7 కిలోలు.

లెక్క: ర్యాక్ -42, బంపరు, విన్చ్ -68, తాడు, పార, పలకలు +14, జాకీ మార్పు -7.
లోడు: 517 కిలోలు. ఖర్చు: విన్చ్, ర్యాక్ అమ్మితే వచ్చినవి 32,900 తీసేసి, కొత్త సామాను 12,800, కమాన్ల మజూరీ 1,200 కలిపితే ఇప్పటిదాకా రూ. 46,800.

దశ 3: టైర్లు

లావు టైర్ల మోజు చాలామందికి ఉంటుంది. తెలిసినవాళ్ల దగ్గర 235/75 ఆర్15 సెట్టు అరువు తెచ్చి బిగించి చూశాను. కంపెనీ సైజు 205/70 ఆర్15 వ్యాసం 668 మి.మీ., దీనిది 733. అంటే దాదాపు పది శాతం పెద్దది. ఫలితాలు:

1. స్టీరింగు పూర్తిగా తిప్పితే ముందు టైరు కమాన్ కట్టకి రాసుకుంది.
2. హైవే మీద ఐదో గేరు పనికిరాకుండా పోయింది. నాలుగులోనే లాగాల్సి వచ్చింది.
3. మీటరు 100 కి.మీ. చూపిస్తే నిజానికి నడిచింది 110. మైలేజీ లెక్కలన్నీ తప్పాయి.
4. బ్రేకు పట్టుకునే దూరం పెరిగినట్టు కాలికే తెలిసింది.

వీటికంటే పెద్ద భయం డిఫరెన్షియల్ (ఇంజన్ శక్తిని రెండు చక్రాలకి పంచే, ఇరుసులోని పళ్ల చక్రాల పెట్టె) గురించి. 1971–72లో అలాస్కా నుంచి దక్షిణ అమెరికా కొస దాకా వెళ్లిన బ్రిటిష్ బృందం పనామా, కొలంబియాల మధ్య డేరియన్ అడవిలో దాదాపు వంద రోజులు చిక్కుకుంది. వాళ్లవి అప్పట్లో కొత్త రేంజ్ రోవర్లు. బురద కోసమని బిగించిన పెద్ద టైర్లు, నెత్తిన మోయలేనంత సామాను, రెండూ కలిసి డిఫరెన్షియళ్లని పగలగొట్టాయి. చివరికి ముందు దారి చూసుకోవడానికి ఒక పాత ల్యాండ్ రోవర్ కొనుక్కున్నారు. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. చక్రం పెద్దదైతే అదే బండిని కదపడానికి ఇరుసు మీద ఎక్కువ మెలిక పడుతుంది. బురదలో గిర్రున తిరుగుతున్న బరువైన చక్రానికి ఉన్నట్టుండి పట్టు దొరికితే ఆ దెబ్బ నేరుగా పళ్లకే తగులుతుంది.

చట్టం వైపు నుంచీ ఇబ్బందే. కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పేసింది. అరువు సెట్టు వాపసిచ్చి, అసలు సైజులోనే ఆల్ టెరైన్ టైర్లు ఐదు కొన్నాను.

ఇసుకలో పట్టు కోసం లావు టైరు అక్కర్లేదు, గాలి తగ్గించాలి. ఇదీ బాగ్‌నోల్డ్ నేర్పిందే. వెనక టైరుకి రంగు పూసి, జాకీ మీద నుంచి చార్టు పేపరు మీదికి దించి, అచ్చు కొలిచాను:

28 పీఎస్ఐ: పొడవు 16 సెం.మీ., వెడల్పు 15
20 పీఎస్ఐ: పొడవు 19.5, వెడల్పు 15.5
15 పీఎస్ఐ: పొడవు 23, వెడల్పు 16
12 పీఎస్ఐ: పొడవు 25.5, వెడల్పు 16

గాలి తీస్తే టైరు లావెక్కుతుందనుకుంటాం. అచ్చు చూస్తే వెడల్పు ఒక్క సెంటీమీటరే పెరిగింది, పొడవు మాత్రం తొమ్మిదిన్నర. యుద్ధ ట్యాంకు గొలుసులా పొడుగ్గా పరుచుకోవడం వల్లే ఇసుకలో దిగబడదు. 12 దగ్గర టైరు పక్కలు మరీ ఉబ్బాయి, ఆ గాలితో గట్టిగా మలుపు తిప్పితే టైరు రిమ్ము వదిలేయొచ్చు. కాబట్టి నా హద్దు 15, వేగం 20 దాటకుండా. రోడ్డెక్కగానే మళ్లీ 28కి కొట్టాలి. నా కంప్రెసర్‌కి ఒక్కో టైరుకి 4 నిమిషాలు పడుతోంది, ఇంజన్ ఆన్‌లోనే ఉంచాలి.

కొత్తవాళ్లకి ఇంకో మాట. జిప్సీకి ముందు, వెనక ఇరుసుల వేగం తేడాని సర్దే సెంటర్ డిఫరెన్షియల్ లేదు. తారు రోడ్డు మీద 4హెచ్ (నాలుగు చక్రాలూ లాగే గేరు) వేసుకుని తిరిగితే మలుపుల్లో ముందు, వెనక ఇరుసులు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. స్టీరింగు బిగుసుకుని, లివరు వెనక్కి రానని మొరాయిస్తే అదే సంగతి. నాలుగు మీటర్లు నేరుగా వెనక్కి నడిపితే వదులుతుంది.

రెండో స్టెప్నీ తీసేశాను (-22). బదులు పంక్చర్ కిట్, ఒక ట్యూబు (+3).
లోడు: 498 కిలోలు. ఖర్చు: టైర్లు 32,000, కిట్ 900. ఇప్పటిదాకా రూ. 79,700.

దశ 4: కూలింగ్

ఎండ పరీక్షకి రెంటచింతల వైపు వెళ్లాను. మే నెలలో అంతకంటే మంచి చోటు ఇంకెక్కడుంది? బయట 44 డిగ్రీలు. రేడియేటర్ పై గొట్టం మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పెడితే 97. రేడియేటర్ విప్పించి శుభ్రం చేయించి, థర్మోస్టాట్, గొట్టాలు, మూత మార్చాక అదే రోడ్డు మీద 88.

అయినా ఒక టెన్షన్ వదల్లేదు. కింద ఒక్క చుక్క కారదు, పొగలో తెలుపు లేదు, ఆయిల్ శుభ్రం. కానీ తెల్లారి మూత తీస్తే రేడియేటర్‌లో 300 మి.లీ. దాకా తక్కువ. హెడ్ గాస్కెట్ (ఇంజన్ హెడ్ కింద ఉండే సీలు) అని ఒకరు, వాటర్ పంప్ అని ఇంకొకరు. విప్పితే ఐదు వేలకి తక్కువ కాని పనులు రెండూ.

దారి చూపింది బాగ్‌నోల్డ్ కార్ల కథే. ఆ రోజుల్లో రేడియేటర్ మరిగితే ఆవిరి బయటికి పోయేది, ఎడారిలో నీళ్లు పోయినట్టే. ఆయన ఆ పొంగు గొట్టాన్ని ఫుట్‌బోర్డు మీద సగం నీళ్లున్న డబ్బాలోకి ముంచాడు. ఆవిరి ఆ నీళ్లలో చల్లబడి నీరయ్యేది. డబ్బా కూడా మరిగితే బండిని గాలికి ఎదురుగా నిలిపి కాసేపు ఆగేవాళ్లు. ఇంజన్ చల్లారగానే గుడగుడమంటూ డబ్బాలో నీళ్లన్నీ తిరిగి రేడియేటర్‌లోకి వెళ్లిపోయేవి. ఇప్పటి కార్లలో ప్లాస్టిక్ రిజర్వ్ బాటిల్ చేసే పనీ అదే.

ఆ గుడగుడ మన బండిలో వినిపిస్తోందా అని ఇంజన్ ఆపి, బానెట్ ఎత్తి, చెవి పెట్టాను. వినిపించింది గుడగుడ కాదు, సన్నటి ఈల. బాటిల్ లోపలి గొట్టం మూత దగ్గరే చిట్లి ఉంది. వేడికి నీళ్లు బాటిల్‌లోకి వస్తున్నాయి, చల్లారాక మాత్రం రేడియేటర్ నీళ్ల బదులు గాలి పీల్చుకుంటోంది. నలభై రూపాయల గొట్టం, ఒక క్లిప్పు. మర్నాటి నుంచి మట్టం కదల్లేదు.

చూసుకోవాల్సిన వరస:
1. చల్లారిన ఇంజన్ మీద రేడియేటర్ మూత తీసి మట్టం చూడాలి. బాటిల్ మట్టం ఒక్కటే చూస్తే మోసపోతాం.
2. మూతకి రెండు రబ్బరు వాషర్లు ఉంటాయి. కిందది పోతే ప్రెషర్ నిలవదు, పైది పోతే నీళ్లు వెనక్కి రావు.
3. బాటిల్‌లో గొట్టం కొస ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండాలి.
4. ఇవన్నీ అయ్యాకే హెడ్ గాస్కెట్ మాట.

లోడు: 498, మార్పు లేదు. ఖర్చు: 5,200. ఇప్పటిదాకా రూ. 84,900.

దశ 5: పెట్రోలు, నీళ్లు

మూడు జెర్రీక్యాన్లు అంటే 60 లీటర్లు. లైసెన్సు లేకుండా పెట్రోలు 30 లీటర్లకి మించి దగ్గర ఉంచుకోకూడదని పెట్రోలియం చట్టం చెబుతోంది, ఇనుప డబ్బా కూడా 25 లీటర్లు దాటకూడదు. చట్టం పక్కన పెట్టినా లెక్క ప్రకారం అవసరం లేదు. లేడో నుంచి కనుమకి 61, వెనక్కి 61, మొత్తం 122 కి.మీ. కొండ దారిలో లీటరుకి 7 వేసుకున్నా 18 లీటర్ల లోపే. లేడో దాటాక ఒక్క బంకూ దొరకదనుకున్నా ట్యాంకులోని 40 లీటర్లలో సగానికి పైగా మిగులుతుంది. ఒక్క 20 లీటర్ల క్యాన్ చాలు, అది కూడా ధైర్యానికి. డబ్బాతో కలిపి 19 కిలోలు.

క్యాన్‌ని బండి లోపల పెట్టకండి. ఎండకి ఆవిరి పట్టి డబ్బా ఉబ్బుతుంది, మూత సందు నుంచి వాసన వస్తుంది. వెనక తలుపుకి బ్రాకెట్ వేయించాను. మొదటి ట్రయల్‌లోనే డబ్బా అడుగు రంగు పోయి ఇనుము తేలింది. మధ్యలో పాత టైరు ట్యూబు ముక్క వేశాక రాపిడి ఆగింది.

నీళ్లు 60 లీటర్ల నుంచి 40కి తగ్గించాను. ఒకే పెద్ద డ్రమ్ము వద్దు, పది లీటర్లవి నాలుగు మేలు. సగం ఖాళీ అయిన డ్రమ్ములో నీళ్లు అటూ ఇటూ కొట్టుకుంటూ మలుపుల్లో బండిని ఊపుతాయి. పైగా ఒకటి చిట్లినా మూడు మిగులుతాయి.

లెక్క: పెట్రోలు -38, నీళ్లు -21.
లోడు: 439 కిలోలు. ఖర్చు: 1,600. ఇప్పటిదాకా రూ. 86,500.

దశ 6: పనిముట్లు, స్పేర్లు

ఒక ఆదివారం పనిముట్ల పెట్టె నేల మీద బోర్లించి, బండి చుట్టూ తిరుగుతూ కనిపించిన ప్రతి నట్టుకీ ఏ పానా పడుతుందో చూశాం. ఏ నట్టుకీ పట్టనివి అన్నీ ఇంట్లోనే. 48 కిలోలు 29 అయింది.

స్పేర్లకి పెట్టుకున్న నియమం ఒక్కటే: అది లేకపోతే బండి కదలదా? కదులుతుందంటే వద్దు. మిగిలినవి ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ గొట్టాలు, ఫ్యూయల్ పంప్, క్లచ్ కేబుల్, ప్లగ్గులు, ఫ్యూజులు, రిలేలు, ముందు చక్రం బేరింగ్ సెట్టు, కమాన్ సెంటర్ బోల్టు, యూ-బోల్టులు. అన్నీ బండికి ఒకసారి బిగించి, నడిపి, విప్పి సర్దినవే. కొత్తగా కొన్న క్లచ్ కేబుల్ ఇలా బిగించి చూసినప్పుడే రెండు సెంటీమీటర్లు పొట్టిదని తేలింది, మార్పించాను.

ఫ్రిజ్ లేదు కాబట్టి రెండో బ్యాటరీకి పని లేదు. బట్టల సంగతి ఇంట్లో కాస్త వాదన నడిచాక 18 కిలోల దగ్గర తేలింది.

లెక్క: పనిముట్లు -19, స్పేర్లు -13, బ్యాటరీ -16, బట్టలు -12.
లోడు: 379 కిలోలు. ఖర్చు: 11,700. మొత్తం రూ. 98,200.

మళ్లీ కాటా: ముందు 655, వెనక 795, మొత్తం 1,450. వెనక ఎత్తు 42 సెం.మీ., బంప్ స్టాప్ ఖాళీ 5.5, అదీ కంపెనీ పట్టీలతోనే. మైలేజీ 10.6.

మిగిలిన పనులు

1. ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక ఇరుసులకి శక్తి పంచే గేరుపెట్టె) వెనక సీలు చెమ్మగిల్లుతోంది. కింద అట్టముక్క పరిస్తే రాత్రికి రూపాయి బిళ్లంత మచ్చ. సీలు మార్చే ముందు షాఫ్టు మీద గాడి పడిందేమో వేలితో తడిమి చూడాలి, గాడి ఉంటే కొత్త సీలు కూడా కారుతుంది.
2. అరుణాచల్‌కి ఇన్నర్ లైన్ పర్మిట్ (బయటి రాష్ట్రాలవాళ్లకి ప్రవేశ అనుమతి). లేడో దాటాక అరుణాచల్‌లో అడుగుపెట్టేటప్పుడు కావాలి. కనుమ దగ్గర సరిహద్దు ఏ రోజుల్లో చూడనిస్తారో అక్కడి చెక్‌పోస్టులో కనుక్కోవాలి.
3. వెనక తలుపు కబ్జాలు. 19 కిలోల క్యాన్ వేలాడుతున్నప్పటి నుంచి తలుపు 4 మి.మీ. కిందికి దిగింది. కబ్జా పిన్నులు లేత్ మీద చేయించడానికి ఇచ్చాను. అవి వచ్చాక క్యాన్ నింపి మళ్లీ మారేడుమిల్లి ఘాట్, మళ్లీ అదే 4 మి.మీ. కొలత.